పరుగుల వెనక లెక్క

2018 జనవరి 14న ఫుట్‌బాల్ జట్టు లివర్‌పూల్ సొంత మైదానం యాన్‌ఫీల్డ్‌కి మాంచెస్టర్ సిటీ వచ్చింది. ఆ సీజన్‌లో అప్పటిదాకా లీగ్‌లో ఓటమి ఎరగని జట్టు అది. రెండో సగంలో ఒక దశలో లివర్‌పూల్ లెఫ్ట్ బ్యాక్ ఆండీ రాబర్ట్‌సన్‌కి పూనకం వచ్చింది. తన గోల్‌ని కాచుకోవాల్సినవాడు బంతి వెంటబడి మైదానం అవతలి కొసదాకా ఉరికాడు. బెర్నార్డో సిల్వా, కైల్ వాకర్, జాన్ స్టోన్స్, గోల్‌కీపర్ ఎడెర్సన్, నికోలస్ ఒటమెండి... బంతి ఎవరి కాళ్ల దగ్గరికి పోతే వాళ్ల మీదికి పోయాడు. ఒకడు పక్కవాడికి తోసేయడం, ఇతను దిక్కు మార్చుకుని వాడి మీదికి ఉరకడం. స్టాండ్స్‌లో జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. బంతి దగ్గరున్న ప్రత్యర్థి మీదపడి దాన్ని లాక్కునే 'ప్రెసింగ్' అంటే ఏమిటని అడిగిన కుర్రాడికి అభిమానులు ముందుగా పంపేది అదే.

పంపాల్సింది అది కాదు.

ఆ పరుగు వల్ల లివర్‌పూల్‌కి గోల్ రాలేదు. నాలుగు గోల్సూ అంతకుముందు వచ్చినవే, వాటిలో మూడు 59వ నిమిషానికీ 68వ నిమిషానికీ మధ్య. తొమ్మిది నిమిషాల్లో మూడు పడ్డాయి. ఆ మూడింట్లో రెండోది చూడాలి. ఒటమెండి తన గోల్‌కి దగ్గరలో బంతి అందుకుని తల ఎత్తేలోపే మొహమ్మద్ సలా మీదపడి లాగేసుకున్నాడు, సాదియో మానేకి అందించాడు, మానే నెట్‌లోకి కొట్టాడు. మూడోది ఇంకా విచిత్రం. ఎడెర్సన్ పెనాల్టీ ఏరియా దాటి బయటికొచ్చి తన్నిన బంతి తిన్నగా సలా దగ్గరికే పోయింది. అతను దాదాపు 40 గజాల దూరం నుంచి దాన్ని ఖాళీ గోల్‌లోకి పంపేశాడు. మ్యాచ్ 4-3తో లివర్‌పూల్‌దైంది. ఈ గోల్స్‌లో మైదానం పొడుగునా సాగిన పరుగులు లేవు. ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే తెలిసిన ఆటగాళ్లున్నారు, అంతే.

ప్రెసింగ్ గురించి మాట్లాడేటప్పుడు కామెంటేటర్లు వాడే మాటలు మూడు నాలుగే: కసి, ఆకలి, ఎనర్జీ, ఊపు. చెమటను మెచ్చుకోవడం తేలిక, ఎందుకంటే అది కెమెరాకి దొరుకుతుంది. బంతి మీదికి ఒకడు ఉరుకుతున్నప్పుడు మిగతా తొమ్మిదిమంది ఏ పక్కకి ఎన్ని అడుగులు జరిగారన్నది టీవీ తెరలో పట్టదు. అసలు ఆట జరిగేది అక్కడ. చాలాసార్లు పరిగెత్తకుండా ఆగడం, ఆగి ఆగి సరైన క్షణాన అందరూ కలిసి కదలడం, ఇదే ప్రెసింగ్‌కి ప్రాణం. ఊపిరితిత్తుల బలం తర్వాతి సంగతి.

ముందు జాగా లెక్క చూద్దాం. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడే మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మొత్తం 7,140 చదరపు మీటర్లు, ఎకరం ముప్పావు. గోల్‌కీపర్‌ని పక్కనపెడితే కాపలాకి ఉన్నది పదిమంది. సమానంగా పంచితే తలా 714 చదరపు మీటర్లు, అంటే పదిహేడున్నర సెంట్లు. అంత జాగాని ఒక్క మనిషి ఏం కాస్తాడు? అవతలివాడు బంతి ఆపుకుని, చుట్టూ చూసుకుని, కావలసినవాడికి పాస్ ఇచ్చుకోగలడు. అందుకని తెలివైన జట్టు మైదానాన్నే కుదించేస్తుంది. చివరి డిఫెండర్‌కీ మొదటి ఫార్వర్డ్‌కీ మధ్య 30 మీటర్లు మించకుండా పదిమందీ దగ్గరికి జరిగితే తలా ఐదు సెంట్లు వస్తుంది. బంతి ఉన్న పక్కకి అందరూ ఒరిగి, అవతలి అంచున 28 మీటర్ల వెడల్పుని వదిలేస్తే తలా మూడు సెంట్లు. ఇప్పుడు బంతి అందుకున్నవాడికి మొదటి టచ్ వేసేసరికే మీద మనిషి ఉంటాడు.

ఇంత ముందుకి జరిగితే వెనక ఖాళీ పడదా? పడుతుంది. ఆ ఖాళీకి తాళం వేసేది ఆఫ్‌సైడ్ నిబంధన. డిఫెండర్లు సగం గీత దాకా వచ్చి నిలబడితే, పాస్ కొట్టే క్షణానికి వాళ్ల వెనకకి చేరిన ప్రత్యర్థి ఆఫ్‌సైడ్ అయ్యే ప్రమాదంలో ఉంటాడు. అయితే బంతి దగ్గర ఉన్నవాడికి తల ఎత్తే తీరిక దొరికిందా, తాళం ఊడినట్టే. తన మనిషి కదిలే క్షణం చూసి, వెనకకి పొడుగు పాస్ వేసేస్తాడు. కాబట్టి ముందువాళ్లు ఒత్తిడి పెట్టకుండా వెనకవాళ్లు పైకి రావడం ఆత్మహత్య. వెనకవాళ్లు పైకి రాకుండా ముందువాళ్లు ఉరకడం వృథా ఆయాసం. రెండూ ఒకేసారి జరగాలి.

కబడ్డీ చూసి పెరిగినవాళ్లకి ఇది కొత్త కాదు. రైడర్ లోపలికి రాగానే ఏడుగురూ మీదపడరు. అర్ధచంద్రాకారంలో కదులుతూ, అతణ్ణి మూలకి రానిస్తారు. కార్నర్ ఆటగాడు చీలమండ పట్టిన క్షణంలో చెయిన్ మొత్తం మూసుకుంటుంది. తొందరపడి ఒక్కడే దూకితే రైడర్‌కి పాయింట్ ఇచ్చి బయట కూర్చోవాల్సిందే.

ఫుట్‌బాల్‌లో ఆ క్షణం ఏదో చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. కోచ్‌లు వాటిని ట్రిగ్గర్ అంటారు. వెనక్కి ఇచ్చిన పాస్ ఒక గుర్తు, ఎందుకంటే అందుకునేవాడు చాలాసార్లు తన గోల్ వైపే మొహం పెట్టి ఉంటాడు. గాల్లోంచి వచ్చే బంతి, ఎగిరెగిరి వచ్చే బంతి ఇంకొకటి. దాన్ని అదుపులోకి తెచ్చుకోవడానికి కళ్లు కిందికి దించక తప్పదు. మొదటి టచ్ కాస్త దూరం పోయినా గుర్తే. నెమ్మదిగా పక్కకి దొర్లే పాస్ కూడా. అన్నిటికన్నా ఇష్టమైనది టచ్‌లైన్ పక్కనున్న ఫుల్‌బ్యాక్‌కి వెళ్లే పాస్. అతనికి ఒక పక్క గీత ఉంది, అటు పోలేడు. గీత ఎప్పుడూ అలసిపోని డిఫెండర్. అందుకే మంచి జట్లు ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్‌ని కావాలనే ఖాళీగా వదిలేస్తాయి. సెంటర్‌బ్యాక్ చూసి, దారి దొరికిందనుకుని అటు ఇస్తాడు. బంతి సగం దూరం పోయేసరికి ముగ్గురు బయల్దేరి ఉంటారు.

ఇక ఉరికే పద్ధతి. బంతి మీదికి తిన్నగా పోయేవాడు సగం పనే చేస్తాడు. కాస్త ఒంపు తిరిగి పోయేవాడు రెండు పనులు చేస్తాడు: ముందున్నవాడికి వ్యవధి ఇవ్వడు, తన వీపు వెనక ఉన్న ఇంకో ప్రత్యర్థికి పాస్ వెళ్లే దారినీ కప్పేస్తాడు. లివర్‌పూల్‌లో రొబెర్తో ఫిర్మినో ఏళ్ల తరబడి చేసింది ఇదే. సెంటర్ ఫార్వర్డ్‌గా అతని గోల్స్ లెక్క చూసి పెదవి విరిచినవాళ్లు చాలామంది. అతను ఒంటరిగా ఇద్దరిని ఆట నుంచి తప్పించేవాడన్నది గోల్స్ పట్టికలో కనిపించదు మరి.

ఇదంతా ఇప్పటి జర్మన్, ఇంగ్లిష్ జట్ల ఆవిష్కరణ అనుకుంటే పొరపాటు. విక్టర్ మాస్లోవ్ అనే కోచ్ 1964లో సోవియట్ దేశంలోని డైనమో కీవ్‌కి వచ్చాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రత్యర్థిని అప్పగించే పాత పద్ధతి మాన్పించి, జాగాని కాయడం నేర్పాడు. బంతి పోగానే వెనక్కి తగ్గకుండా మీదికి పొమ్మన్నాడు. 1966, 67, 68లలో వరసగా మూడుసార్లు సోవియట్ లీగ్ కీవ్‌దే. అతను పక్కనపెట్టిన వింగర్ ఒకడున్నాడు, వలేరీ లొబనోవ్‌స్కీ. తర్వాత కోచ్ అయి అదే కీవ్‌కి తిరిగొచ్చి, ప్రెసింగ్‌ని ప్రయోగశాల లెక్కగా మార్చినవాడు ఆయనే. అనతోలీ జెలెన్‌ట్సోవ్ అనే శాస్త్రవేత్తను వెంటబెట్టుకుని, ఆటగాళ్ల కదలికల్ని అంకెల్లోకి దించాడు. 1975లో, మళ్లీ 1986లో యూరప్ కప్ విన్నర్స్ కప్ గెలిచాడు. ఇదే కాలంలో హాలండ్‌లో కోచ్ రైనస్ మికెల్స్, ఆటగాడు యోహాన్ క్రైఫ్ జోడీ వేరే దారిలో ఇదే ఊరు చేరింది. 1974 ప్రపంచ కప్‌లో హాలండ్ మీద 0-2తో ఓడిన ఉరుగ్వే ఆటగాళ్ల మొహాలు చూడాలి. బంతి ముట్టుకున్నవాడి చుట్టూ ఒక్కసారిగా నాలుగైదు నారింజ చొక్కాలు. ఏం జరుగుతోందో వాళ్లకి అంతు చిక్కలేదు.

అంతు చిక్కనివాళ్లలో రాల్ఫ్ రాంగ్నిక్ ఒకడు. 1980లలో జర్మనీలో బక్నాంగ్ అనే చిన్న ఊరి క్లబ్‌కి అతను ఆటగాడూ, కోచ్ కూడా. శిక్షణ శిబిరం కోసం జర్మనీకి వచ్చిన లొబనోవ్‌స్కీ జట్టుతో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడారు. ఆట మొదలై కొన్ని నిమిషాలైంది. బంతి బయటికి పోయింది. రాంగ్నిక్ నిలబడి ప్రత్యర్థుల్ని లెక్కపెట్టాడు. పదమూడుమందో పద్నాలుగుమందో దిగారేమోనని అనుమానం. పదకొండుగురే ఉన్నారు. ఎటు చూసినా ఒకడు ఎక్కువున్నట్టు అనిపించడానికి కారణం ఏమిటన్నది అతనికి జీవితకాలపు చదువైపోయింది. 1998 డిసెంబర్‌లో జర్మన్ టీవీలో బోర్డు పెట్టి ఈ లెక్కలు వివరిస్తే అక్కడి పెద్దలు కొందరు ఎగతాళి చేశారు, ప్రొఫెసర్ అని పేరు పెట్టారు. తర్వాత అతను మూడో అంచె నుంచి హోఫెన్‌హైమ్‌ని బుందెస్‌లీగాకి తెచ్చాడు, లైప్‌జిగ్‌ని నిలబెట్టాడు. ఎనిమిది సెకన్లలో బంతి లాక్కోవాలి, పది సెకన్లలో గోల్ మీదికి కొట్టాలి అని అతను పెట్టిన నియమం ఇవాళ చాలా అకాడమీల్లో పిల్లలకి నేర్పే పాఠం.

ఇటలీలో అరిగో సాకీ కథ ఇంకా ముచ్చటైనది. పెద్ద స్థాయిలో ఎప్పుడూ ఆడనివాడు, తండ్రి బూట్ల ఫ్యాక్టరీ సరుకు అమ్మినవాడు 1987లో ఏసీ మిలాన్‌కి కోచ్‌గా వచ్చాడు. నీకేం తెలుసని అడిగిన పత్రికలవాళ్లని, జాకీ కావాలంటే ముందు గుర్రంగా పుట్టి ఉండాలా అని ఎదురడిగాడు. జట్టులోని మహామహులు రూడ్ గులిట్, మార్కో వాన్ బాస్టెన్ లాంటివాళ్లు కూడా మొదట్లో ఈయన గోల ఏమిటని నసిగారు. వాళ్లని ఒప్పించడానికి తాను పెట్టిన పందెం గురించి సాకీయే తర్వాత చెప్పాడు. ఒకవైపు గోల్‌కీపర్ గాలీ, నలుగురు డిఫెండర్లు: టసోట్టి, మాల్దీని, కోస్టాకుర్తా, బరేసి. మొత్తం ఐదుగురు. ఇంకోవైపు గులిట్, వాన్ బాస్టెన్, రైకార్డ్, ఆంచెలోట్టి, డొనడోని సహా పదిమంది. పావుగంట సమయం. పదిమందీ కలిసి ఈ ఐదుగురి మీద ఒక్క గోల్ కొట్టాలి. షరతు ఒక్కటే: బంతి పోగొట్టుకుంటే తమ సగంలోకి పది మీటర్లు వెనక్కి పోయి మళ్లీ మొదలుపెట్టాలి. సాకీ చెప్పినదాని ప్రకారం ఎన్నిసార్లు ఆడినా ఒక్క గోల్ పడలేదు.

శిక్షణలో ఆయన బంతి లేకుండా ఆడించేవాడు. బంతి ఫలానా చోట ఉందని నోటితో చెబితే పదకొండుగురూ దానికి తగ్గట్టు జరగాలి. 1989 ఏప్రిల్ 19న యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) సెమీస్‌లో రియల్ మాడ్రిడ్‌ని 5-0తో, మే 24న ఫైనల్లో స్టువా బుకరెస్ట్‌ని 4-0తో ఓడించినప్పుడు ఆ కసరత్తు ఫలం కనిపించింది. డిఫెన్స్‌కీ ఫార్వర్డ్‌లకీ మధ్య 25 మీటర్ల దూరం దాటకూడదన్నది సాకీ పట్టిన పట్టు. పైన చెప్పిన సెంట్ల లెక్కకి ఆచరణ రూపం ఆ మిలాన్ జట్టే.

ఇటీవలి కాలంలో ఈ కథకి చేరిన కొత్త అధ్యాయం, బంతి పోగొట్టుకున్న మరుక్షణమే మీదపడడం. పెప్ గార్డియోలా బార్సిలోనాలో ఐదారు సెకన్ల గడువు పెట్టాడు. ఆలోపు దొరకలేదా, వెనక్కి వచ్చేయాలి. యుర్గెన్ క్లోప్ డోర్ట్‌మండ్‌లో దీన్నే ప్రధాన ఆయుధం చేసుకుని 2011, 2012లలో వరసగా బుందెస్‌లీగా గెలిచాడు. ఏ ప్లేమేకరూ దీనికి సాటి రాడని అనేవాడు. అందులో తర్కం సూటిగా ఉంది. అప్పుడే బంతి లాక్కున్నవాడు ఇంకా తల ఎత్తలేదు, శరీరం అదుపులో లేదు. అతని జట్టు దాడికి వెళ్దామని అప్పుడే విచ్చుకుంటోంది, కాబట్టి వెనక కాపలా లేదు. ఆ రెండు మూడు సెకన్లకి మించిన అవకాశం మ్యాచ్ మొత్తంలో దొరకదు. అయితే దాడి చేస్తున్నప్పుడే ఒకరికొకరు దగ్గరగా ఉంటేనే పోయిన బంతి మీద ముగ్గురు పడగలరు. గార్డియోలా పొట్టి పాస్‌లని కేవలం అందం కోసమని అనుకున్నవాళ్లు ఈ సంగతి చూడలేదు.

నిబంధనలు కూడా ప్రెసింగ్‌కి తోడొచ్చాయి. సొంత ఆటగాడు కాలితో కావాలని వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదని 1992లో తెచ్చిన మార్పుతో అప్పటిదాకా ఉన్న చివరి దాపు పోయింది. 2019 నుంచి గోల్ కిక్‌ని పెనాల్టీ ఏరియా లోపలే అందుకోవచ్చు. దాంతో జట్లు అక్కడి నుంచే పొట్టి పాస్‌లు మొదలుపెట్టి, వేటగాళ్లని ఇంటికే పిలుస్తున్నాయి. కోవిడ్ వేళ 2020లో తాత్కాలికంగా వచ్చి 2022లో స్థిరపడిన ఐదు సబ్‌స్టిట్యూషన్ల వెసులుబాటు అన్నిటికన్నా పెద్దది. పదిమందిలో ఐదుగురిని మార్చుకోవచ్చంటే చివరి అరగంట కూడా మొదటి అరగంట వేగంతో ఆడొచ్చన్నమాట. ఇది పెద్ద బెంచీ ఉన్న డబ్బున్న క్లబ్బులకి దొరికిన వరమని ఒప్పుకోవాలి.

ఇక అసలు వివాదం, స్టార్ ఆటగాళ్ల సంగతి. పారిస్ సాంజెర్మాఁ 2021 నుంచి రెండు సీజన్లు మెస్సీ, నేమార్, ఎంబాపె ముగ్గురినీ కలిపి ఆడించింది. పోస్టర్లు, జెర్సీల అమ్మకాలు అదరగొట్టాయి. ఛాంపియన్స్ లీగ్‌లో మాత్రం 2022లో రియల్ మాడ్రిడ్ చేతిలో, 2023లో బయెర్న్ చేతిలో, రెండుసార్లూ చివరి 16 జట్ల దశలోనే ఇంటికి. ముగ్గురు ముందు నిలబడి చూస్తుంటే ఏడుగురు మైదానం మొత్తం కాయాలి. సెంట్ల లెక్క మళ్లీ వేసుకోండి. మెస్సీ, నేమార్ 2023లో, ఎంబాపె 2024లో వెళ్లిపోయారు. కోచ్ లూయిస్ ఎన్రికే చేతిలో మిగిలినవాళ్లలో ఉస్మాన్ డెంబెలే ఒకడు. గాయాలు, నిలకడలేమి అని ఏళ్లుగా మాటలు పడ్డవాడు.

2025 మే 31న మ్యూనిక్‌లో పారిస్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, ఇంటర్ మిలాన్ మీద. ఇంటర్ గోల్‌కీపర్ యాన్ సోమర్ బంతి పెట్టుకుని గోల్ కిక్‌కి సిద్ధమవుతున్నాడు. పెనాల్టీ ఏరియా గీత మీద డెంబెలే నడుం వంచి, ఒక కాలు ముందుకేసి, రెప్ప వాల్చకుండా అతన్నే చూస్తున్నాడు. ఆ సీజన్‌లో 30కి పైగా గోల్స్ కొట్టిన ఫార్వర్డ్, పరుగు పందెం మొదలవబోయే కుర్రాడి భంగిమలో. అతని వెనక మిగతావాళ్లందరూ ఇంటర్ ఆటగాళ్లని ఒక్కొక్కరిని పంచుకుని నిలబడ్డారు. మ్యాచ్ 5-0తో పారిస్‌ది. యూరోపియన్ కప్ ఫైనళ్ల చరిత్రలో ఇంత తేడాతో గెలిచిన జట్టు లేదు. ఆ రాత్రి డెంబెలే ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అయినా ఎన్రికే, అతను డిఫెండ్ చేసిన తీరుకే మేటి ఆటగాడి బహుమతి బ్యాలన్ డోర్ ఇచ్చేయొచ్చు అన్నాడు. సెప్టెంబర్‌లో నిజంగానే ఇచ్చారు.

అంటే స్టార్లు పనికిరారనా? అలా తేల్చేస్తే 2022 ప్రపంచ కప్ ఎదురొస్తుంది. ఖతార్‌లో మెస్సీ మ్యాచ్‌ల్లో చాలాసేపు నడుస్తూనే కనిపించాడు, కప్పు ఎత్తాడు. కానీ అతని బదులు పరిగెత్తిందెవరో చూడండి. డిసెంబర్ 3న ఆస్ట్రేలియా మీద అర్జెంటీనా రెండో గోల్. బంతి వెనక్కి, ఆస్ట్రేలియా గోల్‌కీపర్ మ్యాట్ ర్యాన్ దగ్గరికి వచ్చింది. ముందు రొడ్రిగో డి పాల్ మీదికి ఉరికాడు. ర్యాన్ అతన్ని తప్పించుకోబోయి బంతిని పక్కకి జరిపాడు. ఆ పక్కనే జూలియన్ అల్వారెజ్ కాచుకుని ఉన్నాడు. లాక్కుని, తిరిగి, ఖాళీ గోల్‌లోకి కొట్టాడు. ఒకరు ఉరికి దారి మళ్లించడం, ఇంకొకరు మళ్లిన దారిలో ఉండడం: పాఠ్యపుస్తకం మొత్తం ఆ నాలుగు సెకన్లలో ఉంది. తొమ్మిదిమంది ఒప్పుకుని మోస్తే ఒక మేధావి నడవొచ్చు. మోయించుకునేవాళ్లు ముగ్గురైతే ఏ జట్టూ తట్టుకోలేదు.

ప్రెసింగ్‌ని మెచ్చుకుంటూ దాని ఖరీదు దాచిపెట్టడం న్యాయం కాదు. 2020 అక్టోబర్ 4న, లీగ్ ఛాంపియన్ హోదాలో ఉన్న, క్లోప్ శిక్షణలోని లివర్‌పూల్ ఆస్టన్ విల్లా చేతిలో 7-2తో ఓడింది. మానే లేడు, గోల్‌కీపర్ అలిసన్ లేడు. ముందు ఒత్తిడి సడలింది, వెనక గీత మాత్రం ఎప్పటిలాగే పైనే ఉంది. ఒలీ వాట్‌కిన్స్ హ్యాట్రిక్ కొట్టాడు. 2024 అక్టోబర్‌లో హాన్సీ ఫ్లిక్ శిక్షణలోని బార్సిలోనా ఇదే సాహసం చేసి, రియల్ మాడ్రిడ్ సొంతగడ్డ మీద ఎంబాపెని ఒక్కడినే ఎనిమిదిసార్లు ఆఫ్‌సైడ్‌లో పట్టి 4-0తో గెలిచింది. అదే బార్సిలోనా, అదే పద్ధతిలో, ఆర్నెల్లు తిరిగేసరికి ఛాంపియన్స్ లీగ్ సెమీస్ రెండు మ్యాచ్‌ల్లో ఇంటర్‌కి ఏడు గోల్స్ సమర్పించుకుంది. ఆ ఇంటర్‌ని ఫైనల్లో పారిస్ ఏం చేసిందో చూశాం. బ్రైటన్‌లో రొబెర్తో డి జెర్బీ ఇంకో విరుగుడు చూపించాడు. అతని డిఫెండర్లు బంతి మీద కాలు పెట్టి కదలకుండా నిలబడేవారు, రమ్మని పిలుస్తున్నట్టు. వచ్చినవాడి వెనక పడిన ఖాళీలోంచి రెండు పాస్‌లలో బయటపడేవారు.

ఆటగాళ్ల ఒంటి సంగతి ఇంకా బాధాకరం. మాంచెస్టర్ సిటీ మిడ్‌ఫీల్డర్ రోద్రి 2024 సెప్టెంబర్‌లో, ఇన్ని మ్యాచ్‌లు ఆడిస్తే సమ్మెకి దిగే పరిస్థితి దగ్గర్లోనే ఉందని అన్నాడు. వారం తిరక్కుండానే ఆర్సెనల్ మీద ఆడుతూ మోకాలి లిగమెంట్ తెగి సీజన్‌లో ఎక్కువ భాగం పోగొట్టుకున్నాడు. ఒక్క గాయానికి ఒక్క కారణం అంటగట్టలేం. కానీ ఆట వేగం ఇంత పెంచి, దానిమీద మ్యాచ్‌ల సంఖ్యా పెంచుకుంటూ పోవడం ఏ లెక్కలోనూ కుదరదు. ఫిఫా 2025లో క్లబ్ ప్రపంచ కప్‌ని 32 జట్లకి పెంచింది, 2026 ప్రపంచ కప్‌ని 48 జట్లతో 104 మ్యాచ్‌లకి పెంచింది. జూన్, జులై ఎండల్లో అమెరికాలో తొంభై నిమిషాల ప్రెసింగ్ అడిగే అధికారి ఒకసారి తానే దిగి చూడాలి. అంతెందుకు, 2024 జనవరిలో లివర్‌పూల్‌ని వదిలేస్తున్నానని చెప్పినప్పుడు క్లోప్ చూపిన కారణం, తనలో శక్తి అయిపోతోందని. ఆయన మైదానంలోకి దిగి పరిగెత్తింది కూడా లేదు.

ఈ ఎండ మాట మనకి మరీ వర్తిస్తుంది. హైదరాబాద్, విశాఖ మైదానాల్లో పిల్లల మ్యాచ్ జరుగుతుంటే గీత బయట నుంచి ఎక్కువగా వినిపించే కేక 'పరిగెత్తు' అన్నదే. ఎటు, ఎప్పుడు, ఎవరితో కలిసి అన్నది అందులో ఉండదు. యూరప్ వీడియోలు చూసి కుర్రాళ్లని తొంభై నిమిషాలు ఉరికించాలనుకునే కోచ్ వాళ్లని ఇరవై నిమిషాల్లో ఖాళీ చేస్తాడు. మన వేడిలో ప్రెసింగ్ అంటే ఎక్కడ ఉరకాలో ఎంచుకోవడమే. మ్యాచ్‌లో కొన్ని పది నిమిషాల విడతలు, ఒకటి రెండు ట్రిగ్గర్లు, మిగతా సమయమంతా దగ్గర దగ్గరగా నిలబడి జాగా కాయడం.

ఇలాంటి ఆలోచనకి మన దగ్గర వారసత్వం లేకపోలేదు. హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్, డ్రిబ్లింగ్ చేయకుండా ఆడాల్సిన పోటీలు కుర్రాళ్లకి పెట్టించారు. బంతి కాలి దగ్గర ఆగకూడదు, వెంటనే పాస్ అయిపోవాలి. ప్రెసింగ్‌కి విరుగుడు ఏమిటని అడిగితే ఇవాళ చాలామంది కోచ్‌లు చెప్పేది అదే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించింది గాయాలతో ఆడిన ఆటగాళ్లే. ఒంటి బలంలో వెనకబడిన జట్టు తలతో ఆడి గెలవొచ్చని రహీం సాబ్ చూపించి అరవై ఏళ్లు దాటింది. క్రీడా పాఠశాలల్లో, జిల్లా అకాడమీల్లో ఆ పోటీలని మళ్లీ పెట్టడానికి కొత్త స్టేడియం అక్కర్లేదు, విదేశీ కోచ్ అక్కర్లేదు. నాలుగు కోన్లు, ఒక బంతి, కాస్త ఓపికున్న పీఈటీ చాలు.

అర్ధరాత్రి దాటాక నిద్ర మానుకుని ఛాంపియన్స్ లీగ్ చూసే అభిమానులకి ఒక మనవి. ఈసారి మొదటి పది నిమిషాలు బంతిని వదిలేయండి. బంతి కుడివైపు ఉంటే ఎడమ వింగర్‌ని చూడండి, ఎడమవైపు ఉంటే కుడి వింగర్‌ని. అతను లోపలికి జరిగి మిడ్‌ఫీల్డర్ల పక్కన నిలబడ్డాడా, టచ్‌లైన్ దగ్గరే ఉండిపోయి నడుం మీద చేతులు పెట్టుకున్నాడా గమనించండి. రెండోదే అయితే ఆ జట్టు స్ట్రైకర్ ఎంత ఉరికినా ప్రెసింగ్ అరగంట కూడా నిలవదు.